జన్యు పరీక్ష చూసి తిండి మార్చుకోవాలా?

1934లో నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లల విషయమై అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడిని ఆశ్రయించింది. పుట్టినప్పుడు పిల్లలు బాగానే ఉన్నారు. నెలలు గడిచినా బుద్ధి మాత్రం ఎదగలేదు. వాళ్ల ఒంటి నుంచి ఎప్పుడూ ఒక వింత వాసన వస్తోందని ఆమె అప్పటికే డాక్టర్లకు చెప్పి చూసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ పట్టించుకున్నాడు. పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే అది ముదురు ఆకుపచ్చగా మారింది. ఆ రంగు ఎందుకు వచ్చిందో వెతుక్కుంటూ వెళ్తే ఒక కొత్త జబ్బు బయటపడింది. మాంసకృత్తుల్లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని ఆ పిల్లల శరీరం మార్చుకోలేకపోతోంది. అది రక్తంలో పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తోంది. ఈ జబ్బును ఇప్పుడు ఫినైల్‌కీటోన్యూరియా అంటున్నారు, పొట్టిగా పీకేయూ.

ఆ ఇద్దరికీ అప్పట్లో చేయగలిగింది ఏమీ లేకపోయింది. 1950ల మొదట్లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్, ఆయన సహచరులు ఫినైల్‌అలనిన్ బాగా తగ్గించిన ఆహారం తయారుచేసి ఒక చిన్నారికి పెట్టి చూశారు. పాపలో మార్పు కనిపించింది. 1960ల మొదట్లో రాబర్ట్ గత్రీ పసిబిడ్డ మడమ నుంచి తీసిన కొన్ని రక్తపు చుక్కలతోనే జబ్బును పట్టే పరీక్ష కనిపెట్టాడు. ఇప్పుడు చాలా దేశాల్లో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఈ పరీక్ష చేస్తారు. జబ్బు ఉందని తేలితే వెంటనే ప్రత్యేక ఆహారం మొదలుపెడతారు. ఆ బిడ్డ మిగతా పిల్లల్లాగే పెరుగుతుంది, చదువుకుంటుంది.

జన్యువును బట్టి తిండి మార్చడం అంటే ఇదీ. ఉమ్మి పంపితే డైట్ రిపోర్టు పంపే కిట్లు బజారులోకి రావడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే వైద్యం ఈ పని చేసి చూపించింది. అందుకే జన్యువులకూ తిండికీ సంబంధం లేదని, అంతా వ్యాపారమేనని కొట్టిపారేయడం తప్పు. కానీ పీకేయూలో అంత గట్టిగా పనిచేసిన సూత్రాన్ని పట్టుకొచ్చి, బరువు తగ్గడానికి ఏ డైట్ మంచిదో, రోజుకు ఎన్ని కప్పుల కాఫీ తాగొచ్చో కూడా డీఎన్ఏనే చెబుతుందని అమ్మడం అంతకన్నా పెద్ద తప్పు. పీకేయూ వైద్యం కష్టపడి సంపాదించుకున్న నమ్మకాన్ని ఈ అమ్మకం వాడుకుంటోంది. ఈ రెంటి మధ్య దూరం ఎంతో తెలిస్తే చేతిలో ఉన్న రిపోర్టును ఎలా చదవాలో తెలుస్తుంది.

ఒకే జన్యువు, ఒకే ఎంజైమ్

పీకేయూలో ఆహారం అంత బాగా పనిచేయడానికి కారణం సూటిగా ఉంది. చెడింది ఒకే జన్యువు. అది తయారు చేయాల్సింది ఒకే ఎంజైమ్. ఆ ఎంజైమ్ మార్చాల్సింది ఒకే పదార్థాన్ని. ఆ పదార్థం తిండిలోనే వస్తుంది కాబట్టి తిండిలోనే తగ్గించొచ్చు. పండ్లలోని చక్కెరను కాలేయం తట్టుకోలేని పుట్టు జబ్బు, పాలలోని చక్కెర పసికందుకు విషంగా మారే గెలాక్టోసీమియా కూడా ఇలాంటివే. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఉంటుందని అంచనా. వాళ్లలో కొందరు ఫావా చిక్కుళ్లు తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి చోట "అది తినొద్దు" అన్న మాటకు తిరుగులేదు.

గోధుమ, బార్లీల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఈ జబ్బు ఉన్న దాదాపు అందరిలోనూ హెచ్ఎల్ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 అనే జన్యు రకాలు ఉంటాయి. కానీ ఏ జబ్బూ లేని జనంలో కూడా 30 నుంచి 40 శాతం మందిలో ఇవే కనిపిస్తాయి. జబ్బు వచ్చేది సుమారు 1 శాతం మందికే. అంటే ఈ పరీక్షలో ఆ రకాలు లేవని వస్తే అది చాలా విలువైన జవాబు. సీలియాక్ దాదాపు లేనట్టే, కడుపు బాధకు వేరే కారణం వెతకొచ్చు. ఉన్నాయని వస్తే మాత్రం తేలేది చాలా తక్కువ. "గ్లూటెన్ ముప్పు జన్యువు ఉంది" అన్న ఒక్క లైను చదివి భయంతో గోధుమ మానేస్తే ఇంకో చిక్కు వస్తుంది. గ్లూటెన్ మానేసి చాలా రోజులైతే, నిజంగా జబ్బు ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష కూడా సరిగ్గా పట్టుకోలేదు.

పాల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పసిపిల్లల పేగుల్లో పాలలోని ల్యాక్టోజ్‌ను విడగొట్టే ల్యాక్టేజ్ అనే ఎంజైమ్ పుష్కలంగా ఉంటుంది. తల్లిపాలు మానేశాక అది తగ్గిపోవడం క్షీరదాలకు మామూలే. మనుషుల్లోనూ పెద్దయ్యాక మూడింట రెండొంతుల మందికి తగ్గుతుంది. మిగిలినవాళ్లకు ఎందుకు తగ్గదో 2002లో ఫిన్లండ్ పరిశోధకులు పట్టుకున్నారు. ఆ మార్పు ల్యాక్టేజ్ జన్యువులో లేదు. దాని పక్కనున్న ఎంసీఎం6 అనే జన్యువు లోపల, డీఎన్ఏ రాతలోని ఒకే ఒక్క అక్షరంలో ఉంది. పెద్దయ్యాక ఆరిపోవాల్సిన దీపాన్ని ఆ అక్షరం ఆరకుండా ఉంచుతోంది. పశువుల్ని సాకడం మొదలైన కొన్ని వేల ఏళ్లలోనే ఈ మార్పు యూరప్ జనంలో పాకిపోయింది. తిండి మనిషి జన్యువులను ఎలా మార్చిందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కానీ 2007లో తూర్పు ఆఫ్రికా పశువుల కాపరుల డీఎన్ఏను చూసినప్పుడు వేరే సంగతి బయటపడింది. వాళ్లూ పాలు తాగి హాయిగా అరిగించుకుంటారు. వాళ్లలో మాత్రం యూరప్ వాళ్ల అక్షరం కాకుండా, దానికి దగ్గర్లోనే వేరే అక్షరాలు మారాయి. యూరప్ అక్షరం ఒక్కటే చూసే పరీక్ష, తరతరాలుగా పాల మీద బతికే కాపరికి పాలు పడవని చెబుతుంది. పరీక్ష తప్పు చేయలేదు, అక్షరాన్ని సరిగ్గానే చదివింది. తప్పంతా ఆ ఒక్క అక్షరంతో మనిషి గురించి తీర్పు చెప్పడంలో ఉంది.

పైగా ల్యాక్టేజ్ తగ్గినవాళ్లలోనూ చాలామంది ఒక గ్లాసు పాలు ఏ ఇబ్బందీ లేకుండా తాగగలరు. ఎంజైమ్ తగ్గే అవకాశం ఉందా అన్నది జన్యువు చెబుతుంది. ఎంత తాగితే కడుపు ఉబ్బుతుందో మాత్రం కడుపే చెప్పాలి.

బరువు దగ్గర తడబాటు

ఇంతవరకు చెప్పినవి ఒక్కో జన్యువు గట్టిగా పనిచేసే సందర్భాలు. జనం డబ్బు పెట్టి పరీక్ష చేయించుకునేది మాత్రం వీటి కోసం కాదు. బరువు కోసం, షుగర్ కోసం, గుండె కోసం. అక్కడ జన్యువుల పద్ధతే వేరు.

2007లో ఎఫ్‌టీవో అనే జన్యువుకూ స్థూలకాయానికీ సంబంధం ఉందని తేలినప్పుడు పెద్ద వార్త అయింది. ఇప్పటికీ డైట్ రిపోర్టుల్లో తరచుగా కనిపించే పేరు ఇదే. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ముప్పు రకం వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లకన్నా సగటున సుమారు 3 కిలోలు ఎక్కువ బరువుంటారు. బరువు విషయంలో సాధారణ జనంలో దొరికిన పెద్ద ప్రభావాల్లో ఇదొకటి, అదీ 3 కిలోలే. మరి ఈ జన్యువు ఉన్నవాళ్లు డైట్ చేసినా తగ్గరా? 2016లో 8 ప్రయోగాల్లోని 9,500కు పైగా మంది వివరాలను కలిపి చూశారు. ఆహారం, వ్యాయామం, మందులు, ఏ దారిలో ప్రయత్నించినా ముప్పు రకం ఉన్నవాళ్లూ మిగతావాళ్లంతే తగ్గారు. ఈ సంగతి రిపోర్టులో పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ఎందుకంటే "నా జన్యువులే అంత, ఏం చేసినా తగ్గను" అన్న నిరాశ చాలామందిని ప్రయత్నమే మానేలా చేస్తుంది.

ఒక్క జన్యువుతో తేలనప్పుడు అన్నిటినీ కలిపితే తేలుతుందా? 2018లో సుమారు 7 లక్షల మంది డీఎన్ఏను పరిశీలించిన అధ్యయనంలో బరువుతో సంబంధం ఉన్న చోట్లు 941 దొరికాయి. అవన్నీ కలిసినా, ఎత్తుకు తగ్గ బరువులో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో సుమారు 6 శాతాన్ని మాత్రమే వివరించగలిగాయి. కవలల అధ్యయనాలేమో బరువులో వారసత్వం వాటా సగం చుట్టుపక్కల, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుందని చెబుతాయి. రెండూ నిజాలే. వారసత్వం పెద్దదే కావచ్చు, దాన్ని అక్షరాల్లో చదవడం ఇంకా చేతకాలేదు. ఈ రెంటినీ కలిపేసి, వారసత్వం పెద్దది కాబట్టి పరీక్ష కూడా గట్టిదే అనుకోవడం దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. ఇంకో మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. వారసత్వం పెద్దదంటే తిండి పనిచేయదని అర్థం కాదు. పీకేయూ పూర్తిగా వారసత్వపు జబ్బే, దాన్ని అదుపులో ఉంచుతున్నది తిండే.

జన్యువును బట్టి డైట్ ఎంచుకుంటే బరువు ఎక్కువ తగ్గుతుందా అన్న ప్రశ్నను నేరుగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. దానికి ముందు ఒక చిన్న విశ్లేషణలో, తమ జన్యువులకు తగిన డైట్ పాటించినవాళ్లు ఎక్కువ తగ్గినట్టు కనిపించింది. కొవ్వు తగ్గించాల్సినవాళ్లు వేరు, పిండిపదార్థాలు తగ్గించాల్సినవాళ్లు వేరు అన్న మాటకు అప్పుడు బలం వచ్చింది. అది నిజమో కాదో తేల్చడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని తీసుకుని చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేసింది. ఒక గుంపు కొవ్వు తక్కువ తినాలి, రెండోది పిండిపదార్థాలు తక్కువ తినాలి. ఇద్దరికీ కూరగాయలు ఎక్కువగా, చక్కెర, మైదా వీలైనంత తక్కువగా తినమనే చెప్పారు. ఏడాది తర్వాత కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, పిండి తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. జన్యువుకు తగిన డైట్ దొరికినవాళ్లకూ దొరకనివాళ్లకూ మధ్య కూడా తేడా లేదు. 2018లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఇందులో అసలు ఆలోచించాల్సిన సంగతి సగటు లోపల ఉంది. రెండు గుంపుల్లోనూ కొందరు 25 కిలోలకు పైగా తగ్గారు, కొందరు తగ్గకపోగా పెరిగారు. అంటే మనుషుల మధ్య తేడా ఉంది, అదీ చాలా పెద్దది. ఆ తేడాకు కారణం పరీక్షించిన జన్యువుల్లో దొరకలేదు, అంతే. ఒకరికి పనిచేసిన డైట్ ఇంకొకరికి పనిచేయదన్న అందరి అనుభవాన్నీ ఈ ప్రయోగం కాదనలేదు. ఎందుకు పనిచేయదో ఉమ్మి శాంపిల్ చూసి ముందే చెప్పగలమన్న మాటనే కాదంది.

ఫుడ్4మీ అనే ప్రయోగం యూరప్‌లో ఏడు దేశాల్లో జరిగింది. 1,600కు పైగా మందిని నాలుగు గుంపులు చేశారు. మొదటి గుంపుకు అందరికీ చెప్పే మామూలు సలహా. రెండో గుంపుకు వాళ్లేం తింటున్నారో చూసి సలహా. మూడో గుంపుకు తిండితో పాటు నడుము కొలత, రక్తపరీక్షలు కూడా చూసి సలహా. నాలుగో గుంపుకు వీటన్నిటికీ తోడు జన్యువులు కూడా చూసి సలహా. ఆరు నెలల తర్వాత మామూలు సలహా అందుకున్నవాళ్లకన్నా మిగతా మూడు గుంపులూ మెరుగ్గా తింటున్నాయి. కానీ ఆ మూడింటి మధ్య తేడా లేదు. జన్యువుల సమాచారం అదనంగా ఇచ్చింది ఏమీ లేదు. మనిషిని చూసి, అతను తినేదేమిటో అడిగి తెలుసుకుని చెప్పిన సలహా పనిచేసింది. మంచి డైటీషియన్ మొదటి అరగంటలో చేసే పని ఇదే.

కాఫీ తీర్పు తిరగబడిన తీరు

కెఫీన్‌ను కాలేయంలో విడగొట్టే సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్ కొందరిలో చురుగ్గా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. దానికి సంబంధించిన జన్యు మార్పు కూడా తెలుసు. 2006లో కోస్టారికాలో గుండెపోటు వచ్చిన సుమారు 2,000 మందిని, రాని అంతేమందిని పోల్చి చూశారు. నెమ్మది రకం ఉన్నవాళ్లు రోజుకు నాలుగు కప్పులు, అంతకన్నా ఎక్కువ కాఫీ తాగితే గుండెపోటు ముప్పు ఎక్కువగా కనిపించింది. చురుకు రకం వాళ్లలో కనిపించలేదు. ఈ ఒక్క ఫలితం డైట్ రిపోర్టుల్లో స్థిరపడిపోయింది.

2018లో బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మందిని పదేళ్లు గమనించిన వివరాలు వచ్చాయి. కాఫీ తాగేవాళ్లలో మరణాలు కొంచెం తక్కువగానే ఉన్నాయి. కెఫీన్‌ను నెమ్మదిగా విడగొట్టే జన్యువులు ఉన్నా, చురుగ్గా విడగొట్టేవి ఉన్నా అదే తీరు. రెండో అధ్యయనం మొదటిదాన్ని పూర్తిగా కొట్టేసిందని కాదు, రెండూ చూసిన విషయాలు వేరు. కానీ ఒక చిన్న ఫలితం మీద జీవితాంతపు సలహా కట్టడం ఎంత తొందరపాటో ఇది చూపిస్తుంది. సైన్సు తన మాట సవరించుకుంటుంది. ఎప్పుడో ఇంటికొచ్చిన రిపోర్టు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువు విషయంలో ఈ తొందర ప్రమాదకరంగా కూడా మారుతోంది. ఇందులో ఒక రకం మార్పు ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒంటబట్టదని, ఖరీదైన ప్రత్యేక ఫోలేట్ మాత్రలే వాడాలని ఇంటర్నెట్ నిండా ప్రచారం ఉంది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ దీన్ని స్పష్టంగా తోసిపుచ్చింది. అంతే ఫోలిక్ యాసిడ్ తీసుకున్నప్పుడు, రెండు వైపులా ఆ మార్పు ఉన్నవాళ్ల రక్తంలో ఫోలేట్ సుమారు 16 శాతం మాత్రమే తక్కువగా ఉంటుంది. గర్భిణులు ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము, మెదడు లోపాలు రాకుండా కాపాడుతుందని ప్రయోగాల్లో రుజువైంది. ఆ రుజువు ఉన్నది మామూలు ఫోలిక్ యాసిడ్‌కే. జన్యు రిపోర్టు చూసి భయపడి గర్భిణి ఆ మాత్ర మానేస్తే జరిగే నష్టానికి ఏ పరిహారమూ లేదు.

ఒకే డీఎన్ఏ ఉన్న ఇద్దరు

జన్యువుల వాటా ఎంతో తెలుసుకోవాలంటే ఒకే రూపు కవలల్ని చూడాలి. వాళ్ల డీఎన్ఏ దాదాపు ఒకటే. 2020లో అచ్చయిన ప్రెడిక్ట్ అధ్యయనంలో బ్రిటన్‌కు చెందిన 1,002 మంది పాల్గొన్నారు, వాళ్లలో చాలామంది కవలలు. అందరికీ ఒకే రకం భోజనాలు పెట్టి, తర్వాత రక్తంలో చక్కెర, కొవ్వు ఎలా పెరిగాయో కొలిచారు. ఒకే తిండికి ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కోలా స్పందించింది. ఒకే రూపు కవలల్లో కూడా తేడాలు కనిపించాయి. తెలిసిన జన్యు మార్పులు చక్కెర విషయంలో 9.5 శాతం, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుల విషయంలో 0.8 శాతం తేడాను మాత్రమే వివరించాయి. తిన్న తర్వాత పెరిగే కొవ్వు విషయంలో పేగుల్లోని సూక్ష్మజీవుల్లాంటి అంశాల ప్రభావం, భోజనంలో కొవ్వు, పిండి, మాంసకృత్తుల పాళ్ల ప్రభావంకన్నా ఎక్కువగా ఉంది.

అందుకే పరిశోధన ఇప్పుడు డీఎన్ఏ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవడం లేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎరాన్ సెగల్, ఎరాన్ ఎలినావ్ బృందం 2015లో 800 మంది తిన్న 46 వేలకు పైగా భోజనాలకు చక్కెర ఎలా పెరిగిందో కొలిచి, పేగు సూక్ష్మజీవులు, రక్తపరీక్షలు, అలవాట్లు అన్నీ కలిపి ముందుగా అంచనా వేసే లెక్క తయారుచేసింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2022లో 17 కోట్ల డాలర్లతో, 10 వేల మందిని లక్ష్యంగా పెట్టుకుని ఇదే దారిలో పెద్ద అధ్యయనం మొదలుపెట్టాయి. ఈ దారి మీద ఆశ పెట్టుకోవడానికి తగిన కారణాలు ఉన్నాయి. జాగ్రత్త కూడా అవసరమే. ఒకే మనిషి అదే భోజనం వేరే రోజు మళ్లీ తిన్నా చక్కెర వేరేలా పెరుగుతుంది. రాత్రి నిద్ర, ముందు రోజు నడక, మనసులో టెన్షన్, అన్నీ అందులో కలుస్తాయి. చక్కెర కొలవడానికి చేతికి అంటించుకునే సెన్సర్ ఒక రోజు చూపించిన అంకెతో ఒక తిండిని శత్రువుగా తేల్చేయడం తగదు.

నమ్మకం కూడా ఒంటి మీద పనిచేస్తుంది

ఈ చర్చల్లో అంతగా వినిపించని ఒక ప్రయోగం ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులే చేశారు, 2019లో అచ్చయింది. వందమందికి పైగా మనుషుల ఎఫ్‌టీవో జన్యువును పరీక్షించారు. ఒక వారం ఒక భోజనం పెట్టి, కడుపు ఎంత నిండినట్టుందో అడిగారు, నిండిన భావన కలిగించే జీఎల్‌పీ-1 హార్మోన్‌ను రక్తంలో కొలిచారు. తర్వాతి వారం అదే భోజనానికి ముందు జన్యు ఫలితం చెప్పారు. అయితే చెప్పింది నిజ ఫలితం కాకపోవచ్చు. ఎవరికి ఏం చెప్పాలో చీటీ వేసినట్టే నిర్ణయించారు. తమకు మంచి రకం ఉందని విన్నవాళ్లలో ఆ హార్మోన్ ముందటి వారంకన్నా సుమారు రెండున్నర రెట్లు పెరిగింది. నిజంగా వాళ్లలో ఏ రకం ఉందన్నది వేరే సంగతి. వ్యాయామానికి సంబంధించిన ఇంకో జన్యువుతో మరో గుంపు మీద ఇలాగే చేస్తే, ముప్పు రకం ఉందని విన్నవాళ్లు ట్రెడ్‌మిల్ మీద ముందుకన్నా త్వరగా అలిసిపోయారు. ఆఖర్లో అందరికీ నిజం చెప్పారు.

కొన్ని కొలతల్లో, నిజమైన జన్యువు చూపిన ప్రభావంకన్నా చెప్పిన మాట చూపిన ప్రభావమే పెద్దదిగా వచ్చింది. రిపోర్టు ఇచ్చేవాళ్లు, చదివేవాళ్లు ఇద్దరూ దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రిపోర్టు కేవలం సమాచారం కాదు. "శారీరక ఓర్పు తక్కువ" అని ఒక పద్నాలుగేళ్ల పిల్లకు చెబితే ఆ మాటే ఆమె కాళ్లను వెనక్కి లాగొచ్చు. ఇంతా చేసి, జన్యు ముప్పు గురించి తెలిస్తే జనం అలవాట్లు మార్చుకుంటారా అంటే, 2016లో 18 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు పెద్దగా మార్చుకోరని తేలింది. తిండి, పొగ, వ్యాయామం వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అమ్మకం ఎలా నడుస్తోంది

2006లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏఓ ఈ పరీక్షల మీద ఒక విచారణ చేసింది. నాలుగు వెబ్‌సైట్ల నుంచి కిట్లు కొని, 14 మంది కల్పిత కస్టమర్లను సృష్టించింది. వయసు, బరువు, పొగ తాగే అలవాటు, వ్యాయామం ఒక్కొక్కరికి ఒక్కోలా రాసింది. కానీ పంపిన డీఎన్ఏ ఇద్దరిదే. 12 శాంపిళ్లు తొమ్మిది నెలల పాపవి, 2 ఒక 48 ఏళ్ల మనిషివి. జన్యువును బట్టే సలహా ఇస్తే ఆ 12 మందికీ ఒకే సలహా రావాలి. రాలేదు. ఫారంలో రాసిన అలవాట్లను బట్టి సలహాలు మారాయి. పొగ తాగుతానని రాసినవాళ్లకు మానేయమని, తాగనని రాసినవాళ్లకు తాగకుండానే ఉండమని చెప్పారు. జన్యువులకు తగినట్టు ప్రత్యేకంగా తయారుచేశామన్న సప్లిమెంట్లకు ఒకచోట ఏడాదికి 1,200 డాలర్లు దాటింది. దాదాపు అవే పదార్థాలు మామూలు దుకాణంలో ఏడాదికి 35 డాలర్లకు దొరుకుతాయని జీఏఓ లెక్కగట్టింది.

ఇరవై ఏళ్ల కిందటి మాట కదా, ఇప్పుడు ల్యాబ్‌లు బాగుపడ్డాయి కదా అనొచ్చు. అక్షరాలు చదవడంలో నిజంగానే చాలా బాగుపడ్డాయి. చదివిన అక్షరం నుంచి పళ్లెంలోకి వచ్చే సలహా మాత్రం అంత బాగుపడలేదు. దీన్ని ఎవరైనా సులువుగా చూసుకోవచ్చు. రిపోర్టులో ఒక సలహా తీసుకుని, జన్యు ఫలితం తిరగబడి ఉంటే ఏం చెప్పేవాళ్లో అడగాలి. ముప్పు ఉందంటే కూరగాయలు ఎక్కువ తిను, చక్కెర తగ్గించు, బాగా నడువు అంటారు. ముప్పు లేదన్నా అదే చెప్పాలి, ఎందుకంటే ఆ సలహా అందరికీ మంచిదే. రెండు ఫలితాలకూ సలహా ఒకటే అయినప్పుడు పరీక్ష వల్ల కలిసొచ్చింది ఏమిటి? పీకేయూలో అలా కాదు. అక్కడ ఒక ఫలితానికి మాంసకృత్తులు దాదాపు కట్టేయాలి, రెండోదానికి అందరి తిండీ తినొచ్చు. అక్కడ పరీక్ష ప్రాణంతో సమానం.

మరో లోపం పరిశోధన పునాదిలోనే ఉంది. 2018 నాటికి జన్యువులకూ జబ్బులకూ సంబంధం వెతికే పెద్ద అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో సుమారు 78 శాతం మంది యూరప్ మూలాలవాళ్లే. వాళ్లలో తయారైన ముప్పు స్కోర్లు మిగతా ప్రపంచంలో అంత బాగా పనిచేయవు. పాల విషయంలో తూర్పు ఆఫ్రికా కాపరులకు జరిగింది, ఇంకా చిన్న ప్రభావాలు చూపే వందల జన్యువుల విషయంలో ఇంకా ఎక్కువగా జరుగుతుంది.

డీఎన్ఏ ఎవరి చేతిలో ఉందన్నది కూడా పక్కన పెట్టలేని ప్రశ్న. ఈ రంగంలో అందరికీ తెలిసిన ట్వంటీత్రీ అండ్ మీ సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. కోటిన్నర మంది డీఎన్ఏ వివరాలు ఎవరి చేతికి వెళ్తాయోనని అప్పుడు పెద్ద ఆందోళన రేగింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు. డీఎన్ఏను మార్చుకోలేం. పైగా ఒకరు ఉమ్మి పంపితే వాళ్ల తోబుట్టువుల, పిల్లల సమాచారం కూడా సగం పంపినట్టే. వాళ్లను ఎవరూ అడగలేదు.

జన్యు పరీక్ష నిజంగా చేయించుకోవాల్సిన సందర్భాలు ఉన్నాయి. కుటుంబంలో చిన్న వయసులోనే గుండెపోట్లు వచ్చి, చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉంటే అది వారసత్వపు కొలెస్ట్రాల్ జబ్బు కావచ్చు. సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది, తిండితో పాటు మందులూ కావాలి, ముందుగా పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయి. ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు కుటుంబంలో ఉంటే ఆ జన్యువును చూడాల్సిందే. అది ఉన్నవాళ్లు బలం కోసమని ఐరన్ మాత్రలు మింగితే కాలేయానికి చేటు. తల్లికో తండ్రికో సీలియాక్ ఉంటే పిల్లలకు ఆ పరీక్ష పనికొస్తుంది. ఇవన్నీ డాక్టర్ రాసి, ఫలితం అర్థం చేసుకోవడానికి జన్యు సలహాదారు పక్కన ఉండి చేయించే పరీక్షలు. ఇంటికి తెప్పించుకునే కిట్ల ముడి ఫలితాల్లోని మార్పులను 2018లో ఒక వైద్య ల్యాబ్ తిరిగి పరీక్షిస్తే, వాటిలో 40 శాతం తప్పని తేలింది. కాబట్టి కిట్‌లో పెద్ద జబ్బు పేరు కనిపిస్తే మళ్లీ పరీక్షించుకోకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

రిపోర్టు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు అందులో "తక్కువగా ఉండే అవకాశం", "పెరిగే ధోరణి" అని రాసిన ప్రతి లైనునూ నేరుగా కొలిచే వీలుందేమో చూడాలి. విటమిన్ డి తగ్గే అవకాశం ఉందని జన్యువు ఊహిస్తుంది, తగ్గిందో లేదో రక్తపరీక్ష చెబుతుంది. షుగర్ ముప్పు గురించి మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ చెబుతుంది, కొలెస్ట్రాల్ గురించి లిపిడ్ పరీక్ష, ఇనుము గురించి ఫెర్రిటిన్. ఇవి ఈనాటి ఒంటిని కొలుస్తాయి. తిండి మార్చిన మూడు నెలలకు మళ్లీ చేయిస్తే అంకె కదిలిందో లేదో కూడా కనిపిస్తుంది. జన్యు రిపోర్టులో ఆ వీలు లేదు. పిల్లల విషయంలోనైతే రిపోర్టు చూసి పాలో, గోధుమలో, కొవ్వులో పూర్తిగా మాన్పించే ముందు పిల్లల డాక్టర్‌ను తప్పక అడగాలి. ఎదిగే వయసులో ఆ లోటును తర్వాత పూడ్చడం కష్టం.